ఏడో నెల వచ్చింది, లిస్టు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఎక్కడ తగ్గించాలి?

కూర్మన్నపాలెం_కుర్రాడు
మా ఆవిడకి ఏడో నెల. మొదటి కాన్పు. నా జీతం 34 వేలు. తను అచ్యుతాపురం సెజ్‌లో చేస్తుంది, 18 వేలు. రోజూ బస్సులో అంత దూరం కష్టమని వచ్చే నెల మానిపించేద్దాం అనుకుంటున్నాం. పక్కన పెట్టుకున్నది 80 వేలు. నిన్న రాత్రి కూర్చుని, నెట్‌లో చూసి కొనాల్సినవన్నీ రాశాను. చెక్క తొట్టి 11 వేలు, ప్రామ్ (బిడ్డని తిప్పే తోపుడుబండి) 7,500, బేబీ మానిటర్ 5,500, పాలు తీసే పంపు 3,200, సీసాల స్టెరిలైజర్ 2,800, బట్టలూ డైపర్లూ క్రీములూ టబ్బూ కలిపి 15 వేలు. మొత్తం 45 వేలు. ఆసుపత్రికి మిగిలింది 35. ఇవి కాక మా అమ్మ తొమ్మిదో నెలలో శ్రీమంతం 200 మందికి చేయాలంటోంది. మా అత్తగారేమో బిడ్డ భూమ్మీద పడేదాకా ఒక్క గుడ్డపీలిక కూడా ఇంట్లోకి రాకూడదంటున్నారు. ఇందులో ఏది తీసెయ్యొచ్చో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మురీ_మిక్చర్
బేబీ మానిటర్ దేనికి బాబూ? రెండు గదుల ఇంట్లో బిడ్డ ఏడిస్తే మీకే కాదు, జంక్షన్‌లో ఆటోవాళ్ళకి కూడా వినిపిస్తుంది. 5,500 మిగిలాయి. నా కమీషన్ ఒక మిక్చర్ పొట్లం.

కూర్మన్నపాలెం_కుర్రాడు
రెండు గదులని మీకెలా తెలుసు?

మురీ_మిక్చర్
జీతం చెప్పారుగా.

అమ్మమ్మని_నేనే
నాయనా, మీ అత్తగారి మాట మూఢనమ్మకమని నవ్వకండి. ముందు కొనకపోతే ఏం అక్కర్లేదో అదే తెలుస్తుంది. నాకు ముగ్గురు మనవలు. ముగ్గురికీ పుట్టగానే చుట్టింది మా మామగారి పొందూరు ఖద్దరు పంచె. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. దాన్ని చించి పొత్తిగుడ్డలు చేశాను. కొత్త బట్టల్లో గంజి ఉంటుంది, కుట్లు గుచ్చుకుంటాయి. అసలు పసిగుడ్డుకి మొదట పాత బట్టే కట్టాలని మా వైపు పద్ధతి, అదీ ఆరోగ్యంగా పెరిగిన పిల్లలది అడిగి తెచ్చుకుని. ఇంట్లో పాత నూలు చీరలు నాలుగు చూసి పెట్టుకోండి. ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి. పుట్టినప్పటి చొక్కాలు ఆరు చాలు. నెలన్నరకి ఒక్కటీ పట్టదు. మా అల్లుడు కొన్న బుల్లి జీన్స్ ప్యాంటు ఇప్పటికీ ట్యాగుతోనే ఉంది.

మధురవాడ_మమ్మీ
అమ్మమ్మగారూ, పంచెలు బానే ఉన్నాయి కానీ ఉతికేదెవరు? నాకు జూలైలో పుట్టింది. రోజుకి పాతిక గుడ్డలు, వైజాగ్ ముసురు, సముద్రపు తేమ, ఒక్కటీ ఆరదు. ఇల్లంతా తీగలే. మూడో రోజు డైపర్ల పెద్ద ప్యాకెట్ తెప్పించాను, ఏ మాత్రం పశ్చాత్తాపం లేదు.

సింహాద్రి_ఎక్స్‌ప్రెస్
రెండూ. పగలు గుడ్డ, రాత్రి డైపరు. రోజుకి ఒకటో రెండో అయితే నెల ఖర్చు భరించగలం. ఉక్కపోతలో రోజంతా ప్లాస్టిక్ కట్టేస్తే ఒరుసుకుపోయి దానికి మళ్ళీ క్రీము. ఒక్క మాట, పుట్టకముందే అతి చిన్న సైజు పెద్ద ప్యాకెట్లు కొనకండి. మావాడు 3.8 కిలోలు పుట్టాడు, నలభై డైపర్లు ఎదురింటివాళ్ళకి ఇచ్చేశాం.

లెక్కల_మాస్టారు
డైపర్ల మీదా పాలసీసాల మీదా జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. షాపువాడు పాత స్టాకు, పాత ఎమ్మార్పీ అంటే బిల్లు అడగండి.

పే_స్లిప్
అందరూ డైపర్ల మీద పడ్డారు. నాకు మొదటి పోస్టులో ఒక ముక్క దగ్గర గుండె ఆగింది. మానిపించేయడమా? జీతం 21 వేల లోపు అంటే ఈఎస్‌ఐ, అదే ఉద్యోగుల బీమా, ఉండాలి. మేడమ్‌గారి పేస్లిప్‌లో ఈఎస్‌ఐ అని 135 రూపాయలు కోస్తున్నారేమో చూసి చెప్పండి. అప్పటిదాకా ఎవరికీ రాజీనామా కాగితం ఇవ్వకండి.

కూర్మన్నపాలెం_కుర్రాడు
చూశాను. సరిగ్గా 135. మీరు మనిషేనా? రెండేళ్ళుగా కోస్తున్నారు. జ్వరానికి మందులిచ్చే కార్డు అనుకుని మేం దాని మొహమే చూడలేదు.

పే_స్లిప్
మనిషినే. గాజువాకలో ఒక కంపెనీలో జీతాల పని చూస్తాను. ముక్కాలు శాతం ఉద్యోగి వాటా, 18 వేలకి 135 అవుతుంది. ఇప్పుడు వినండి. ఈఎస్‌ఐలో ఉన్న స్త్రీకి మొదటి రెండు కాన్పులకి 26 వారాల ప్రసూతి భత్యం ఉంటుంది. సగం జీతం కాదు, సగటు రోజు వేతనం పూర్తిగా. కాన్పు తేదీకి 8 వారాల ముందు నుంచే మొదలుపెట్టుకోవచ్చు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కాలం, అక్టోబరు నుంచి మార్చి ఒక కాలం అని లెక్క. అంతకుముందు వరసగా వచ్చిన రెండు కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉండాలి. రెండేళ్ళుగా పనిచేస్తున్నారు కాబట్టి ఆ బాధ లేదు. ఆర్నెల్ల జీతమంటే 18 వేల చొప్పున లక్ష పైమాట. మీరు నెట్‌లో తొట్టి మీద పది శాతం తగ్గింపు వెతుకుతున్నారు, ఇక్కడ లక్ష రూపాయలు వదిలేసి ఇంటికొస్తామంటున్నారు. బస్సు ప్రయాణం కష్టమైతే ఆ 8 వారాలు ముందే వాడుకోండి. అంటే వచ్చే నెల నుంచి ఇంట్లోనే ఉండొచ్చు, కానీ సెలవు మీద, మానేసి కాదు.

కూర్మన్నపాలెం_కుర్రాడు
మా ఆవిడకి చదివి వినిపించాను. నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఉక్కు_క్వార్టర్
పే_స్లిప్ గారికి మిక్చర్ పొట్లం కాదు, భోజనం పెట్టించాలి.

లెక్కల_మాస్టారు
దీనికి తోడు ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద 5 వేలు కూడా వస్తాయి. మొదటి కాన్పుకి 3 వేలు ఒకసారి, 2 వేలు ఒకసారి. అంగన్‌వాడీలో రాయించుకోండి.

పే_స్లిప్
మాస్టారూ, వీళ్ళకి రాదు. ఇలాంటి భత్యమే వేరే చట్టం కింద అందుకుంటున్నవాళ్ళకి మాతృ వందన వర్తించదు. లక్ష వదులుకుని 5 వేలకి వెళ్తారా?

లెక్కల_మాస్టారు
ఒప్పుకున్నాను. లెక్క తప్పింది, మార్కులు తీసెయ్యండి.

పెందుర్తి_గోడ
మా చెల్లి ఇంట్లోనే ఉంటుంది, ఉద్యోగం లేదు. తనకి వస్తుందా ఆ 5 వేలు? నాలుగో నెల.

లెక్కల_మాస్టారు
ఆదాయం, రేషన్ కార్డు లాంటి అర్హతలు చూస్తారు కానీ మామూలు కుటుంబాలకి చాలావరకు వస్తుంది. ఆలస్యం చేయకండి. గర్భం నమోదై, కనీసం ఒక చెకప్ ఆర్నెల్లలోపు అయి ఉంటే 3 వేలు. పుట్టాక జనన నమోదు, మొదటి విడత టీకాలు అయ్యాక 2 వేలు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు ఒకేసారి. ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా ఆవిడ పేరునే ఉండాలి, మీ బావగారిది కాదు. ఎక్కువమందికి ఆగిపోయేది అక్కడే. అలాగే అంగన్‌వాడీలో గుడ్లు, పాలు ఇస్తారు. సిగ్గుపడి మానేయొద్దని చెప్పండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆసుపత్రి విషయానికి వద్దాం. అసలు ఖర్చు అక్కడే. కుర్రాడుగారూ, 35 వేలు మిగిలిందన్నారు, ప్రైవేటులో అది సరిపోతుందని ఎవరు చెప్పారు?

కూర్మన్నపాలెం_కుర్రాడు
దగ్గర్లో ఒకచోట అడిగాను. నార్మల్ అయితే 35 ప్యాకేజీ అన్నారు.

సింహాద్రి_ఎక్స్‌ప్రెస్
ఆ మాటే నన్ను ముంచింది. మాకు నార్మల్ 40, ఆపరేషన్ 75 అన్నారు. ఆపరేషన్ అయింది. బిడ్డకి కామెర్లని రెండ్రోజులు లైటు కింద పెట్టారు. పిల్లల డాక్టరు ఫీజు వేరు, మత్తు డాక్టరు ఫీజు వేరు, గ్లవుజులు, సూదులు అన్నీ వేరు. ఆఖరికి లక్షా 12 వేలు. ఇంటికి తీసుకెళ్ళే రోజు నేను కౌంటర్ దగ్గర నిలబడి మా బావమరిదికి ఫోన్ చేస్తున్నాను, బిడ్డ ముఖం కూడా సరిగ్గా చూడలేదు. పేరు చెప్పను, ఊళ్ళో పేరున్నదే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందుకే ప్యాకేజీ అన్నప్పుడు కాగితం మీద రాయించుకోవాలి. ఎన్ని రోజులు? ఏ గది? మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు అందులోనే ఉన్నారా? బిడ్డని లైటు కింద పెడితే రోజుకి ఎంత, గాజు పెట్టెలో పెడితే ఎంత? నొప్పులు పడుతూ ఆపరేషన్‌కి మారితే రెండు ప్యాకేజీలూ వేస్తారా? ఈ ప్రశ్నలు అడిగితే మొహం మాడ్చుకునే చోటుకి వెళ్ళకండి.
కానీ మీకు ఈఎస్‌ఐ ఉంటే కాన్పు కూడా దాని కిందే అవుతుంది. రేపే డిస్పెన్సరీకి వెళ్ళి ఏ ఆసుపత్రికి రాస్తారో కనుక్కోండి. అదీ కాదంటే ప్రభుత్వ ఆసుపత్రి. ఊళ్ళో ఘోషా ఉంది, కేజీహెచ్ ఉంది. జననీ శిశు సురక్ష పథకం కింద 2011 నుంచి కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజులు భోజనం కూడా. ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి, ఫోన్ 102.

మధురవాడ_మమ్మీ
ఉచితమే. కానీ నేను భయపడతాను. మా పెద్దమ్మ కోడలు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద ఇద్దరు బాలింతలు, కింద చాప మీద అత్తలు. నాకు ఒంటరిగా ఒక గది, ఒక బాత్రూము కావాలి. దానికి డబ్బు ఖర్చు పెట్టడం దుబారా కాదు.

ఉక్కు_క్వార్టర్
దుబారా అని ఎవరన్నారు? మా వదినకి బీపీ పెరిగి, నెలలు నిండకుండా ఎనిమిదో నెలలో ప్రైవేటువాళ్ళే చేతులెత్తేసి ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. అక్కడే బతికించారు తల్లినీ బిడ్డనీ. మంచాలు చూసి భయపడొద్దు, గదులు చూసి మోసపోవద్దు. కష్టమైన కాన్పు అయితే ఎక్కడ రాత్రి రెండింటికి డాక్టరు ఉంటాడు అన్నదే నాకు లెక్క.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇద్దరూ నిజమే చెప్పారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేకంగా ఉచిత చెకప్‌లు ఉంటాయి. ప్రైవేటులో కాన్పు చేయించుకునేవాళ్ళు కూడా ఒకసారి వెళ్ళి చూసి రండి, భయం సగం తగ్గుతుంది.

కైలాసగిరి_కాకి
అసలు ఒక ప్రశ్న. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది కదా? అల్లుడుగారు ఎందుకింత టెన్షన్ పడుతున్నారు?

మురీ_మిక్చర్
వచ్చాడండీ.

అమ్మమ్మని_నేనే
కాకీ, పుట్టింటికి పంపేది పిల్లకి నిద్ర దొరుకుతుందని, తల్లి దగ్గరుంటే ధైర్యమని. బిల్లు వాళ్ళ నెత్తిన రుద్దడానికి కాదు. ఆ అలవాటుతోనే ఆడపిల్లల తండ్రులు అప్పులపాలయ్యారు.

కూర్మన్నపాలెం_కుర్రాడు
అత్తగారిది నరసన్నపేట. మామగారు లేరు. అందుకే ఆవిడనే ఇక్కడికి రమ్మన్నాం. ఖర్చు మాదే.

కైలాసగిరి_కాకి
క్షమించండి. తెలియక అన్నాను.

హుద్‌హుద్_నాన్న
లిస్టులో కరెంటుతో నడిచేవి మూడున్నాయి. మా కథ చెప్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. మా పాపకి తొమ్మిదో రోజు. స్టెరిలైజర్, కరెంటు పంపు, పాలు వెచ్చబెట్టేది, అన్నీ కొన్నాను, అప్పు చేసి. పొద్దున్నే గాలి మొదలైంది. మధ్యాహ్నానికి కిటికీ అద్దాలు లేవు, కరెంటు లేదు. ఆ తర్వాత రోజుల తరబడి లేదు. నీళ్ళు లేవు, పాలపాకెట్టు కోసం క్యూలు, రేటు వాడు చెప్పిందే. నా మెషిన్లన్నీ వరసగా బల్ల మీద బొమ్మల కొలువులా ఉన్నాయి. పాపని మా అమ్మ చీర ఉయ్యాలలో వేసింది, మా ఆవిడ పాలిచ్చింది. దానికి ఏమీ తెలియలేదు. ఊరంతా చెట్లు పడిపోయి ఉంటే అది హాయిగా పడుకుంది. ఆ మెషిన్లు తర్వాత కూడా పెద్దగా వాడలేదు.

మధురవాడ_మమ్మీ
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. కానీ పంపు తీసెయ్యమని మాత్రం అనకండి. తల్లిపాలు ఉచితమని అందరూ అంటారు, నా నిద్ర ఖరీదు ఎవరూ వెయ్యరు. ఉద్యోగానికి తిరిగి వెళ్ళేటప్పుడు పంపు కావాలి. చేత్తో నొక్కే రకం చవకలో దొరుకుతుంది, అదీ ఆరో నెలలో కొంటే చాలు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అవును, ముందు కొనద్దు. స్టెరిలైజర్ అసలే వద్దు. మొదటి ఆర్నెల్లు తల్లిపాలే, నీళ్ళు కూడా అక్కర్లేదు. అందరికీ పాలు వెంటనే పడవు, కొందరికి డబ్బాపాలు తప్పవు, అది తప్పేమీ కాదు. కానీ డాక్టరు చెప్పాక. డబ్బాపాలకి ప్రకటనలు వేయకూడదని, తల్లులకి ఉచిత శాంపిళ్ళు ఇవ్వకూడదని 1992 నుంచి చట్టమే ఉంది. ఎవరైనా చేతిలో డబ్బా పెడితే తీసుకోకండి. గిన్నెలో నీళ్ళు మరిగించి గిన్నే చెంచా అందులో వేస్తే అదే మీ స్టెరిలైజర్.

అమ్మమ్మని_నేనే
ముర్రుపాలు పిండి పారబోయకండి. మా కాలంలో పారబోసేవారు. ఆవు ముర్రుపాలైతే జున్ను చేసుకు తింటాం, బిడ్డకొచ్చినవి మాత్రం పారబోస్తాం. ఎంత తెలివి!

సింహాద్రి_ఎక్స్‌ప్రెస్
ఇంకో ఖర్చు రాబోతోంది, జాగ్రత్త. ఎనిమిదో నెలలో మీకు ఫోన్ వస్తుంది. బొడ్డుతాడు రక్తం దాచిపెడతాం, భవిష్యత్తులో ఏ జబ్బొచ్చినా పనికొస్తుంది, వాయిదాల్లో కట్టొచ్చు అని. మాకు ఇంటికొచ్చి మరీ భయపెట్టారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ బిడ్డకే రేపు పనికొస్తుందని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. ఫోన్ పెట్టేయండి.
టీకాలు కూడా. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్, పోలియో, రోటా. న్యుమోనియా టీకా ఆరు, పద్నాలుగు వారాలకీ, తొమ్మిదో నెలలోనూ. ప్రైవేటులో ఇదొక్కటే డోసుకి వేలల్లో ఉంటుంది. మన పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో అన్నీ ఉచితం, బుధ, శనివారాలు వెళ్ళండి. ప్రైవేటులో కొన్ని అదనపు టీకాలు చెప్తారు. అవి మీ ఇష్టం. ఈ ముఖ్యమైనవి మాత్రం డబ్బు పెట్టి వేయించుకోనక్కర్లేదు.

మధురవాడ_మమ్మీ
నేను డబ్బు పెట్టి వేయించాను, జ్వరం రాని రకం అన్నారు. జ్వరం వచ్చింది.

ఉక్కు_క్వార్టర్
వాకర్ ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒక మేనత్త బారసాలకి తప్పకుండా తెస్తుంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం, పిల్లలు మెట్ల మీంచి పడుతున్నారని. బదులుగా ఏటికొప్పాక గిలక్కాయ తెమ్మనండి. అంకుడు కర్ర, లక్కపూత, గింజల నుంచీ ఆకుల నుంచీ తీసిన రంగులు.

మురీ_మిక్చర్
ప్రామ్ సంగతి నేను చెప్తాను. మన ఊళ్ళో ఫుట్‌పాత్ ఎక్కడుందో చూపించాక కొనండి. నేను బీచ్‌రోడ్డులో తిప్పుదామని కొన్నాను. రెండుసార్లు తిప్పాను. ఇప్పుడు బాల్కనీలో ఉంది. అందులో ఉల్లిపాయలు పోసుకున్నాం. గాలి బాగా తగులుతుంది, కుళ్ళడం లేదు.

మధురవాడ_మమ్మీ
కుర్రాడుగారూ, మా తొట్టి తీసుకెళ్ళండి. పాప పెద్దదైంది. ఒక పక్క పళ్ళ గాట్లున్నాయి, మిగతా గట్టిగా ఉంది. డబ్బులేమీ వద్దు, ఆటో మీది. పుట్టాకే తీసుకెళ్ళండి, మీ అత్తగారి మాట కూడా నిలబడుతుంది.

కూర్మన్నపాలెం_కుర్రాడు
ఏమనాలో తెలియడం లేదు. థాంక్సండీ. మరి శ్రీమంతం? దీని మీద ఎవరూ మాట్లాడలేదు. అమ్మతో గొడవ పడే ధైర్యం నాకు లేదు.

అమ్మమ్మని_నేనే
గొడవెందుకు? తొమ్మిదో నెల పిల్ల పట్టుచీర కట్టుకుని మూడు గంటలు కుర్చీలో కూర్చుని 200 మందితో ఫొటోలు దిగాలా? కాళ్ళు వాస్తాయి. ఆ మాట మీరు కాదు, డాక్టరమ్మతో అమ్మగారికి చెప్పించండి. ఇంట్లోనే ముత్తయిదువులు, గాజులు, చలిమిడి, పూలు. అంతే కదా శ్రీమంతమంటే. హాలు, స్టేజీ, పొగ మెషిన్ ఈమధ్య వచ్చినవి.

లెక్కల_మాస్టారు
పుట్టాక ఒక్కటి మరవద్దు. 21 రోజుల్లోపు జనన నమోదు ఉచితం. పేరు అప్పటికి కుదరకపోయినా పర్వాలేదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకి బడిలో చేర్చడానికీ ఆధార్‌కీ అన్నిటికీ ఆ పత్రమే మూలం. తల్లిదండ్రుల పేర్లలో అక్షరాలు ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మా వాడి పత్రంలో నా ఇంటిపేరు తప్పుపడి దాన్ని దిద్దించడానికి తిరిగిన పెట్రోలు ఖర్చుతో రెండు ప్రామ్‌లు వచ్చేవి.

కూర్మన్నపాలెం_కుర్రాడు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఈఎస్‌ఐ కాగితాలు ఇచ్చాం, తను సెలవులో ఉంది. డిస్పెన్సరీ నుంచి ఆసుపత్రికి రాశారు, ఒకసారి చూసొచ్చాం. డాక్టరమ్మ కూడా పర్వాలేదు, మాట్లాడుతుంది. శ్రీమంతం ఇంట్లో, 40 మందికి. అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు, మూడో రోజు చలిమిడికి బియ్యం నానబెట్టింది. లిస్టులో మిగిలింది దోమతెర, రబ్బరు షీటు, రెండు తువ్వాళ్ళు, ఒక చిన్న ప్యాకెట్ డైపర్లు, జ్వరం చూసే థర్మామీటరు. రెండు వేలు దాటలేదు. అవి కూడా మా ఫ్రెండ్ ఇంట్లో దాచాం, అత్తగారికి తెలియదు. 80లో 78 అలాగే ఉంది. ఆపరేషనో, లైటో, ఏదొచ్చినా అని ముట్టుకోవడం లేదు.

అమ్మమ్మని_నేనే
అత్తగారికి తెలుసులే నాయనా.

పెందుర్తి_గోడ
మా చెల్లికి అంగన్‌వాడీలో రాయించాం. ఖాతా బావ పేరు మీదే ఉంది, మాస్టారు చెప్పినట్టే. మార్పించాం. మురీ_మిక్చర్ గారూ, ఆ ప్రామ్ ఇచ్చేస్తారా? పెందుర్తిలో మా వీధి కొత్త సిమెంటు రోడ్డు.

మురీ_మిక్చర్
ఉల్లిపాయలతోనా, విడిగానా?